హిల్‌ను ఇచ్చి కాన్సాస్ సిటీ ఏం తెచ్చుకుంది: స్టార్టర్‌ను డ్రాఫ్ట్ పిక్‌లకు అమ్మడంపై కేస్ స్టడీ

2022 మార్చి 23న, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, కాన్సాస్ సిటీ చీఫ్స్ తన వైడ్ రిసీవర్ (పాస్‌లు పట్టే ఆటగాడు) టైరీక్ హిల్‌ను మయామీ డాల్ఫిన్స్‌కు ఇచ్చేసింది. బదులుగా ఆటగాడు ఒక్కడూ రాలేదు. ఐదు డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదు వంతులు వచ్చాయి: ఆ ఏడాదివి 29, 50, 121వ పిక్‌లు, 2023లో నాలుగో రౌండ్‌ది ఒకటి, ఆరో రౌండ్‌ది ఒకటి. హిల్‌కు అప్పుడు 28 ఏళ్లు. అంతకుముందు సీజన్‌లో 111 క్యాచ్‌లు, 1,239 యార్డులు. అతని వేగానికి జడిసి ప్రత్యర్థి జట్లు సేఫ్టీలిద్దర్నీ (రక్షణలో చివరి వరుస ఆటగాళ్లను) బాగా వెనక్కి జరిపి నిలబెట్టేవి.

అలాంటి స్టార్టర్‌ను (మొదటి జట్టులో ఆడేవాణ్ని), ఇంకా ఎవరో కూడా తెలియని కాలేజీ కుర్రాళ్ల కోసం వదులుకోవచ్చా? అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ల మధ్య ఏటా నడిచే వాదన ఇది. దీనికి హిల్ ట్రేడ్ మంచి కేసు. ఫలితం చాలావరకు తేలిపోయింది, లాభం నష్టం రెండూ మైదానంలోనే కనబడ్డాయి, అంకెలన్నీ అందరి ముందూ ఉన్నాయి. నా తీర్పు ముందే చెప్తాను. ట్రేడ్ సరైనదే. అయితే దాన్ని చూసి వాతలు పెట్టుకున్న జట్లకు అదే ఫలితం రాదు, ఎందుకు రాదో కూడా ఈ కేసులోనే ఉంది.

అసలు అమ్మింది ఏమిటి

2019లో హిల్ మూడేళ్లకు 54 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు చేసుకున్నాడు. 2022 దాని చివరి ఏడాది. కొత్త కాంట్రాక్టు మాటలు నడుస్తుండగానే, మార్చి 17న గ్రీన్ బే ప్యాకర్స్ దావంతే ఆడమ్స్‌ను లాస్ వేగస్ రైడర్స్‌కు ఇచ్చింది. అక్కడ ఆడమ్స్‌కు ఐదేళ్లకు 140 మిలియన్లు రాశారు. వైడ్ రిసీవర్ల ధర ఒక్క రోజులో మారిపోయింది. ఆరు రోజుల తర్వాత మయామీ హిల్‌కు నాలుగేళ్లకు 120 మిలియన్ల పొడిగింపు ఇచ్చింది, అందులో 72.2 మిలియన్లు గ్యారంటీ. సగటున ఏడాదికి 30 మిలియన్లు. ఆ పొడిగింపులో చివరి ఏడాది అంకె ఉబ్బించి పెట్టిందే, అది తీసేసి చూసినా చిన్న మొత్తం కాదు.

ఆ ఏడాది లీగ్ శాలరీ క్యాప్ 208.2 మిలియన్లు. 53 మంది రోస్టర్‌కు జట్టు పెట్టగలిగిన హద్దు అది. కాన్సాస్ సిటీకి అప్పటికే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి దాడిని నడిపేవాడు) పాట్రిక్ మహోమ్స్ కాంట్రాక్టు ఉంది, పదేళ్లకు 450 మిలియన్లు. ఒక రిసీవర్‌కు ఇంకో 30 మిలియన్లు పెడితే మిగతా యాభై ఒక్క మందికి ఏం మిగులుతుందన్నదే జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్ ముందున్న ప్రశ్న. అందుకే, హిల్ తర్వాతి కాంట్రాక్టు బరువును మయామీ మీదికి మార్చిన బేరం ఇది.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఈ లెక్క కొత్తేం కాదు. 2025 సీజన్‌కు సన్‌రైజర్స్ హైదరాబాద్ 120 కోట్ల పర్సులో 75 కోట్లు ఐదుగురిని అట్టిపెట్టుకోవడానికే ఖర్చు చేసింది: క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు, ట్రావిస్ హెడ్‌కు చెరో 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. ఆ విశాఖ కుర్రాడే 2024 సీజన్‌లో 303 పరుగులు చేసినప్పుడు అతని ధర 20 లక్షలు. ఒక్క ఏడాది తేడాలో అదే ఆటగాడికి ముప్పై రెట్లు. 20 లక్షలకు ఆడిన రోజుల్లో మిగిలిన 5 కోట్ల 80 లక్షలతో జట్టు ఇంకొక మంచి ఆటగాణ్ని పెట్టుకోగలదు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ పిక్ అంటే ఆ 20 లక్షల నితీశ్‌ను వెతుక్కునే హక్కు, అదీ నాలుగేళ్లపాటు ధర పెరగకుండా. మొదటి రౌండ్ పిక్ అయితే ఐదో ఏడాదికి కూడా జట్టు చేతిలో ఆప్షన్ ఉంటుంది.

ఈ ధర కట్టడి 2011 నుంచి ఉన్నదే. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 78 మిలియన్లు, అందులో 50 గ్యారంటీ. మరుసటి ఏడాది కొత్త ఒప్పందం కింద మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 22 మిలియన్లు. అప్పటిదాకా పై పిక్ ఒక జూదం, దానికి భారీ బిల్లు కూడా. ఆ తర్వాత బిల్లు తగ్గింది. పాత ట్రేడ్‌లను ఉదాహరణగా చూపేటప్పుడు ఈ గీతకు ఇటువైపో అటువైపో చూసుకోవాలి. 1989 అక్టోబర్‌లో డాలస్ కౌబాయ్స్ హర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి గుట్టగా పిక్‌లు తెచ్చుకుని, వాటి బలంతో 1990లలో మూడు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచిన సంగతి ప్రతి వాదనలోనూ వస్తుంది. అప్పట్లో శాలరీ క్యాపే లేదు, అది 1994లో వచ్చింది. వాకర్ ట్రేడ్‌తో 2022 నాటి బేరాన్ని తూచడం కుదరదు.

వచ్చిన పిక్‌ల తూకం

పిక్‌లను తూచడానికి జట్లు ఇప్పటికీ చేతిలో పెట్టుకునే పాత పట్టిక ఒకటుంది, 1990ల మొదట్లో కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలో డాలస్‌లో తయారైంది. మొదటి పిక్‌కు 3,000 పాయింట్లు, 16వదానికి 1,000, 32వదానికి 590. దాని ప్రకారం 29వ పిక్‌కు 640, 50వదానికి 400, 121వదానికి 52. కలిపితే 1,092. పద్నాలుగో పిక్ విలువ 1,100. అంటే 2023 పిక్‌లు రెండూ పక్కన పెట్టినా, మయామీ ఇచ్చింది దాదాపు ఒక 14వ పిక్.

ఈ పట్టికను నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. ఇది మార్కెట్ ధర చెప్తుంది, ఆటగాడి పనితనం చెప్పదు. రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ చేసిన అధ్యయనంలో తేలినదేమిటంటే, జీతం తీసేసి చూస్తే అత్యధిక మిగులు ఇచ్చే పిక్‌లు మొట్టమొదటివి కావు, మొదటి రౌండ్ చివర, రెండో రౌండ్ మొదట్లో దొరికేవి. ఒకే పొజిషన్‌లో ముందు తీసుకున్నవాడు తర్వాతివాడి కంటే మెరుగ్గా తేలే అవకాశం నాణెం ఎగరేసినదానికంటే కొంచెమే ఎక్కువని కూడా వాళ్లు చూపించారు. కాబట్టి ఏ ఒక్క కుర్రాడి మీదా జట్టు మొత్తం ఆశ పెట్టుకోకూడదు. పిక్‌లు ఎక్కువ ఉండాలి, వాటిలో సగం పోయినా తట్టుకోగలగాలి.

తూకంలో రెండో పళ్లెం డెడ్ మనీ, అంటే వెళ్లిపోయిన ఆటగాడి పేరిట క్యాప్‌లో మిగిలే డబ్బు. కాంట్రాక్టు రాసేటప్పుడు ఇచ్చిన సైనింగ్ బోనస్‌ను క్యాప్ లెక్కలో గరిష్ఠంగా ఐదేళ్లకు విడగొట్టి చూపిస్తారు. ఆటగాణ్ని జూన్ 1కి ముందు ట్రేడ్ చేస్తే, ఇంకా చూపించని భాగం మొత్తం ఆ ఏడాది క్యాప్ మీదే పడుతుంది. జూన్ 1 దాటితే ఆ ఏడాది వంతు ఇప్పుడు, మిగిలినది వచ్చే ఏడాది. కొన్న జట్టుకు ఆ బోనస్‌తో సంబంధం లేదు, జీతం మాత్రమే దానిది. హిల్ కాంట్రాక్టు చివరి ఏడాదిలో ఉంది కాబట్టి కాన్సాస్ సిటీకి డెడ్ మనీ సుమారు రెండున్నర మిలియన్లే మిగిలింది, క్యాప్‌లో 18 మిలియన్ల పైచిలుకు ఖాళీ అయింది. అదే ఆటగాడు, అవే పిక్‌లు, కానీ కొత్త కాంట్రాక్టు రాసిన ఏడాది తర్వాత అమ్మి ఉంటే ఈ లెక్క తలకిందులయ్యేది.

మూడోది, అమ్మకపోతే ఏమొచ్చేదన్నది. హిల్‌ను 2022 అంతా ఆడించి వదిలేస్తే, అతను వేరే జట్టుకు వెళ్లినందుకు పరిహారంగా 2024 డ్రాఫ్ట్‌లో మహా అయితే మూడో రౌండ్ చివరి పిక్ ఒకటి వచ్చేది. ఏ స్టార్టర్‌ను అమ్మినా దిగువ ధర ఇది. వచ్చిన ఆఫర్ దీనికంటే ఎంత ఎక్కువో, అందులోంచి ఒక సీజన్ అతని ఆట విలువ ఎంత తీసేయాలో చూసుకోవాలి.

పిక్‌లు ఎలా ఖర్చయ్యాయి

చాలామంది ఇక్కడ తప్పు లెక్క వేస్తారు. 2022 డ్రాఫ్ట్‌లో కాన్సాస్ సిటీ తీసుకున్న పదిమందినీ హిల్ ఖాతాలో రాసేస్తారు. జార్జ్ కార్లాఫ్టిస్ 30వ పిక్, అది జట్టు సొంతది. బ్రయన్ కుక్ 62వది, లియో షెనాల్ 103వది, ఐసాయా పచెకో ఏడో రౌండ్‌లో 251వది. వీళ్లెవరూ మయామీ పిక్‌లతో వచ్చినవాళ్లు కారు.

మయామీ పిక్‌ల దారి ఇది. 29, 121 పిక్‌లకు తన 94వది కలిపి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు ఇచ్చి 21వ స్థానానికి వెళ్లింది. పాత పట్టికలో ఇచ్చింది 640, 52, 124 కలిపి 816, తెచ్చుకున్నది 800. సరసమైన బేరమే. ఆ 21వ పిక్‌తో వాషింగ్టన్ యూనివర్సిటీ కార్నర్‌బ్యాక్ (ప్రత్యర్థి రిసీవర్లను కాపు కాసేవాడు) ట్రెంట్ మెక్‌డఫీ వచ్చాడు. అతని నాలుగేళ్ల కాంట్రాక్టు మొత్తం సుమారు 14 మిలియన్లు, హిల్‌కు మయామీ రాసిన ఒక్క ఏడాది సగటులో సగం కూడా కాదు. కార్నర్‌బ్యాక్ కోసం పైకి వెళ్లడానికి కారణం ఉంది. అదే మార్చిలో చార్వేరియస్ వార్డ్ మూడేళ్లకు 42 మిలియన్లతో శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోయాడు. ఖరీదైన పొజిషన్‌లో ఖాళీ పడ్డ చోటే చవక ఆటగాణ్ని పెట్టారు.

50వ పిక్‌ను మళ్లీ న్యూ ఇంగ్లండ్‌కే ఇచ్చి 54వది, 158వది తీసుకున్నారు. 54తో వచ్చిన రిసీవర్ స్కై మూర్ మొదటి సీజన్‌లో 22 క్యాచ్‌లు, 250 యార్డులు. 57వ సూపర్ బౌల్‌లో ఒక టచ్‌డౌన్ పట్టాడు, ఆ తర్వాత జట్టులో నిలదొక్కుకోలేకపోయాడు. హిల్ స్థానంలోకి అనుకున్నవాడు ఇతనే. అంటే రెండు ప్రధాన పిక్‌లలో ఒకటి గెలిచింది, ఒకటి పోయింది. మంచి ట్రేడ్‌లో కూడా ఇదే నిష్పత్తి అనుకుని కూర్చోవాలి.

మెక్‌డఫీ మొదట్లోనే ఇబ్బంది పడ్డాడు. 2022 మొదటి మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసి ఆరు మ్యాచ్‌లు ఆడలేదు. 2023 నాటికి మాత్రం ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్‌లోని అత్యుత్తమ ఆటగాళ్ల) మొదటి జట్టులో ఉన్నాడు. ఆ ఏడాది నవంబర్ 5న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాన్సాస్ సిటీ, మయామీ తలపడ్డాయి. మొదటి సగం ముగియబోతుండగా పక్కకు విసిరిన చిన్న పాస్‌ను హిల్ అందుకున్నాడు. మెక్‌డఫీ అతన్ని పట్టుకుని బంతిని ఊడబెరికాడు. కింద పడ్డ బంతిని మైక్ ఎడ్వర్డ్స్ ఏరుకుని, తాను చుట్టుముట్టబడుతుండగా బ్రయన్ కుక్ చేతికి అందించాడు. కుక్ 59 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్కోరు 21-0. మ్యాచ్ 21-14తో కాన్సాస్ సిటీది. హిల్ కోసం వచ్చిన పిక్ హిల్ చేతిలోంచి బంతి లాగిన ఆ ఒక్క ఆటను పట్టుకుని ట్రేడ్ మొత్తాన్ని తీర్పు చెప్పకూడదు, కానీ రక్షణకు డబ్బు మళ్లిస్తే ఏమొస్తుందో అందులో కనిపిస్తుంది. 58వ సూపర్ బౌల్‌లోనూ అంతే: నాలుగో క్వార్టర్ చివర, రెండు నిమిషాల ఆట మిగిలి ఉండగా, మూడో డౌన్‌కు మెక్‌డఫీ బ్లిట్జ్‌లో (క్వార్టర్‌బ్యాక్ మీదికి) దూసుకొచ్చి శాన్ ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ పాస్‌ను చేత్తో కొట్టేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకుంది. కాన్సాస్ సిటీ సమం చేసి, అదనపు సమయంలో 25-22తో గెలిచింది.

పోయింది ఏమిటి

లాభం చెప్పి నష్టం దాస్తే కేస్ స్టడీ కాదు. హిల్ మయామీలో 2022లో 1,710, 2023లో 1,799 యార్డులు చేశాడు. ఆ రెండేళ్లలో కాన్సాస్ సిటీ వైడ్ రిసీవర్లలో అందరికంటే ఎక్కువ చేసినవాళ్ల లెక్క: 2022లో జూజూ స్మిత్-షూస్టర్ 933, 2023లో కొత్త కుర్రాడు రషీ రైస్ 938.

మొదటి ఏడాది ఆ లోటు బయటపడలేదు. మహోమ్స్ 5,250 యార్డులు విసిరి ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, టైట్ ఎండ్ (మైదానం మధ్యలో పాస్‌లు పట్టేవాడు) ట్రావిస్ కెల్సీ 1,338 యార్డులు లాగాడు. ఒకే ఏడాదికి తెచ్చిన స్మిత్-షూస్టర్, మూడేళ్లకు 30 మిలియన్లతో తెచ్చిన మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్ గండం గట్టెక్కించారు. 14-3తో సీజన్ ముగించి, ఫిలడెల్ఫియాను 38-35తో ఓడించి టైటిల్ కొట్టారు.

2023లో బాకీ వసూలైంది. స్మిత్-షూస్టర్ వెళ్లిపోయాడు, మూర్ ఎదగలేదు. మొదటి మ్యాచ్‌లోనే కదేరియస్ టోనీ చేతిలోంచి జారిన బంతి డెట్రాయిట్ డిఫెండర్ చేతికి చిక్కి టచ్‌డౌన్ అయింది, 21-20తో ఓటమి. నవంబర్‌లో ఫిలడెల్ఫియా మీద ఆఖర్లో వాల్డెస్-స్కాంట్లింగ్ చేతుల్లో పడ్డ గెలుపు బంతి జారిపోయింది, 21-17. డిసెంబర్‌లో బఫలో మీద గెలిపించే టచ్‌డౌన్ టోనీ ఆఫ్‌సైడ్ నిలబడినందుకు రద్దయింది, 20-17. జట్టు పాయింట్లు 2022లో 496 ఉంటే 2023లో 371కి పడ్డాయి. వేగం ఉన్న రిసీవర్ లేకపోతే సేఫ్టీలు ముందుకొస్తారు, మధ్యలో కెల్సీకి దారి మూసుకుపోతుంది, క్వార్టర్‌బ్యాక్ ప్రతి డ్రైవ్‌నూ పది పన్నెండు ఆటలు లాక్కెళ్లాల్సి వస్తుంది, ఆ దారిలో ఒక్క బంతి జారినా అంతా పోతుంది.

అయినా నిలబడ్డారంటే కారణం రక్షణ. ఆ సీజన్‌లో ప్రత్యర్థులకు ఇచ్చింది 294 పాయింట్లు. మెక్‌డఫీ, కార్లాఫ్టిస్, షెనాల్, కుక్, ఏడో రౌండ్‌లో దొరికిన కార్నర్ జేలెన్ వాట్సన్, అందరూ 2022 బ్యాచే, అందరూ చవక కాంట్రాక్టుల మీదే. దాడిలో పోయిన పాయింట్లను రక్షణలో తిరిగి సంపాదించారు. ఇది అనుకోకుండా జరిగింది కాదు. వచ్చిన పిక్‌లనూ, ఖాళీ అయిన క్యాప్‌నూ ఏ పొజిషన్లకు మళ్లించాలో ముందే తేల్చుకుని చేసిన పని.

మయామీ మోసపోయిందా? అలా అనలేం. రెండేళ్లపాటు లీగ్‌లోకెల్లా భయపెట్టే దాడి దానిదే. కానీ 2022లో వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్ తొలి దశ) మ్యాచ్‌లో బఫలో చేతిలో 34-31తో పోయింది, 2023లో అదే దశలో కాన్సాస్ సిటీకే వచ్చి, ఫారన్‌హీట్‌లో మైనస్ నాలుగు డిగ్రీల చలిలో 26-7తో ఓడింది. ఆ ఏడు పాయింట్ల టచ్‌డౌన్ హిల్‌దే, 53 యార్డులది. 2024లో అతని యార్డులు 959కి పడిపోయాయి, వయసు 30 దాటింది. వేగం మీద బతికే ఆటగాడి కాంట్రాక్టులో మూడో ఏడాది ఎప్పుడూ ప్రమాదమే. కొన్న జట్టుకు లాభం మొదటి రెండేళ్లలోనే రావాలి.

అదే పని, చెడిపోయిన తీరు

ఎదురు ఉదాహరణ పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు) ఖలీల్ మాక్. 2018 సెప్టెంబర్ 1న రైడర్స్ అతన్ని షికాగో బేర్స్‌కు ఇచ్చింది. వచ్చినవి 2019, 2020 మొదటి రౌండ్ పిక్‌లు, 2020 మూడో రౌండ్, 2019 ఆరో రౌండ్. మాక్‌తో పాటు తన 2020 రెండో రౌండ్ పిక్‌ను కూడా రైడర్స్ ఇచ్చింది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. షికాగో మాక్‌కు ఆరేళ్లకు 141 మిలియన్లు రాసింది.

కాగితం మీద ఇది హిల్ ట్రేడ్ కంటే పెద్ద ధర. పాడైంది మూడు చోట్ల. మొదటిది తేదీ. సీజన్ వారంలో మొదలవుతుండగా అమ్మారు. మొదటి పిక్ ఎనిమిది నెలలకు, రెండోది ఇరవై నెలలకు చేతికొచ్చాయి. ఆ 2018 సీజన్‌లో రైడర్స్ జట్టు మొత్తం కలిపి 13 శాక్‌లు (పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసింది. షికాగోలో మాక్ ఒక్కడే 12.5. రెండోది, పిక్ స్థానాలు. మంచి ఆటగాణ్ని కొన్న జట్టు బాగుపడుతుంది, బాగుపడ్డ జట్టు పిక్ వెనక్కి జరుగుతుంది. షికాగో 12-4 సాధించడంతో 2019 పిక్ 24వదైంది. అమ్మే జట్టు ఆ పిక్‌ను ఎప్పుడూ 20 దాటినట్టే లెక్కగట్టాలి. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎంచుకునే చేయి. అమ్మినప్పటి జనరల్ మేనేజర్ రెజీ మెకెంజీని ఆ డిసెంబర్‌లోనే తీసేశారు. 2019లో 24తో రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) జాష్ జేకబ్స్‌ను తీసుకున్నారు, మంచి ఆటగాడు, కానీ లీగ్‌లో చవగ్గా దొరికే పొజిషన్. 2020లో 19తో తీసుకున్న కార్నర్ డేమన్ ఆర్నెట్‌ను 2021 నవంబర్‌లో వదిలేశారు. మూడో రౌండ్ బ్రయన్ ఎడ్వర్డ్స్‌ను 2022లో అట్లాంటాకు ఇచ్చేశారు. షికాగో తన వంతుగా, వచ్చిన రెండో రౌండ్ పిక్‌తో కోల్ కెమెట్‌ను తెచ్చుకుంది, మాక్‌ను 2022లో చార్జర్స్‌కు అమ్మి ఇంకో రెండో రౌండ్ పిక్ వసూలు చేసుకుంది.

డెడ్ మనీ ఎక్కువుంటే అమ్మకూడదన్న నియమం కూడా అన్నిసార్లూ నిలవదు. ఫిలడెల్ఫియా 2021లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ను ఇండియానాపొలిస్‌కు ఇచ్చినప్పుడు 33.8 మిలియన్ల డెడ్ మనీ మింగింది, అప్పటికి అది రికార్డు. వచ్చినవి 2021 మూడో రౌండ్ పిక్, 2022లో షరతు మీద రెండో రౌండ్ పిక్: వెంట్జ్ 75 శాతం స్నాప్‌లు (జట్టు దాడి ఆటలు) ఆడితే అది మొదటి రౌండ్‌కు మారుతుంది. మారింది. మూడో రౌండ్ 84వ పిక్‌ను కలిపి రిసీవర్ డెవాంటా స్మిత్ కోసం పైకి వెళ్లారు. 2022లో 16గా వచ్చిన మొదటి రౌండ్ పిక్‌ను న్యూ ఆర్లీన్స్‌తో బేరంలో వాడి, 2023 మొదటి రౌండ్ పిక్ తెచ్చుకున్నారు, దాంతోనే డిఫెన్సివ్ ట్యాకిల్ జేలెన్ కార్టర్ దాకా వెళ్లారు. ఆ ఇద్దరూ 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీని 40-22తో ఓడించిన జట్టులో ఉన్నారు. ఒక ఏడాది క్యాప్ నొప్పిని భరించగలిగితే షరతు పిక్ రాయించుకోవడం ఎంత బలమైన పనిముట్టో ఈ గొలుసు చెప్తుంది.

జట్టు తరఫున కూర్చుంటే అడగాల్సినవి

ముందు తేదీ. మార్చి మధ్యలో లీగ్ కొత్త ఏడాది మొదలైన దగ్గర్నుంచి ఏప్రిల్ డ్రాఫ్ట్ దాకా ఉన్న ఆరు వారాలే అమ్మకానికి సరైన కాలం. అప్పుడు పిక్ నంబర్ తెలుసు, డబ్బు పెట్టడానికి ఫ్రీ ఏజెంట్లు (కాంట్రాక్టు ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలవాళ్లు) ఇంకా మార్కెట్లో ఉంటారు, కొత్త కుర్రాడు అదే ఏడాది ఆడతాడు. ఆగస్టులో అమ్మితే ఈ మూడూ పోతాయి. ఒక ఏడాది ఆలస్యంగా వచ్చే పిక్‌కు జట్లు ఒక రౌండ్ తగ్గించి ధర కడతాయి. అమ్మేవాళ్లకు అది నష్టం, ఓపిక ఉండి కొనేవాళ్లకు అదే లాభం.

తర్వాత ఆటగాడి తర్వాతి కాంట్రాక్టు. వయసు 27 దాటి, మార్కెట్ మొత్తం ధర అడుగుతుంటే అమ్మకం ఆలోచించాలి. 24 ఏళ్లవాడు రూకీ కాంట్రాక్టులో (డ్రాఫ్ట్ అయినప్పటి మొదటి కాంట్రాక్టు) రెండేళ్లు మిగిలి ఉండగా అమ్మితే, చేతిలో ఉన్న చవక స్టార్టర్‌ను ఇచ్చి, చవక స్టార్టర్ దొరుకుతాడేమోనన్న ఆశ కొన్నట్టు.

మూడోది క్వార్టర్‌బ్యాక్. రిసీవర్ పోయినా 5,250 యార్డులు విసిరే మనిషి కాన్సాస్ సిటీకి ఉన్నాడు. అలాంటివాడు లేని జట్టు ఉన్న ఒక్క నమ్మకమైన రిసీవర్‌ను అమ్మితే, కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఎదుగుదలనే పణంగా పెట్టినట్టు. ఆ నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు.

నాలుగోది, మొదటి ఏడాది ఆ స్థానంలో ఎవరు ఆడతారన్నది పేరుతో సహా రాసిపెట్టుకోవాలి. పిక్‌తో వచ్చే కుర్రాడి పేరు అక్కడ రాయకూడదు. కాన్సాస్ సిటీ 2022లో ఇద్దరు అనుభవజ్ఞుల్ని తెచ్చి నిలబడింది, 2023లో ఆ జాగ్రత్త సడలగానే దెబ్బ తగిలింది.

కాన్సాస్ సిటీ ఇదే పద్ధతిని 2024 మార్చిలో కార్నర్ లజేరియస్ స్నీడ్‌తో మళ్లీ వాడింది. టెనెసీ అతనికి నాలుగేళ్లకు 76.4 మిలియన్లు రాసి, 2025 మూడో రౌండ్ పిక్ ఇచ్చింది. గాయంతో స్నీడ్ ఆ సీజన్‌లో ఐదు మ్యాచ్‌లే ఆడాడు. అతను వెళ్లినా కాన్సాస్ సిటీ తట్టుకోగలిగిందంటే, హిల్ పిక్‌తో వచ్చిన మెక్‌డఫీ అప్పటికే మొదటి కార్నర్‌గా ఉన్నాడు కాబట్టే.

డాలస్ లెక్క

కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో, పక్కనున్న ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడివాళ్లకు ఈ చర్చ అంటే పాస్ రషర్ మైకా పార్సన్సే. 2025 ఆగస్టు 28న, సీజన్ మొదలవడానికి వారం ముందు, డాలస్ అతన్ని గ్రీన్ బేకు ఇచ్చి, 2026, 2027 మొదటి రౌండ్ పిక్‌లనూ, డిఫెన్సివ్ ట్యాకిల్ కెనీ క్లార్క్‌నూ తీసుకుంది. గ్రీన్ బే పార్సన్స్‌కు నాలుగేళ్లకు 188 మిలియన్లు రాసింది.

పైన చెప్పిన కొలతలు పెట్టి చూస్తే తేదీ తప్పింది. మాక్ ట్రేడ్‌లో జరిగినట్టే పిక్‌లు దూరం జరిగాయి, ఆ సీజన్‌కు పాస్ రషర్ లేకుండా పోయాడు. నవంబర్ 4న డాలస్ 2026 రెండో రౌండ్ పిక్, 2027 మొదటి రౌండ్ పిక్, మాజీ స్మిత్‌ను న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది. డిసెంబర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగింది, దాన్ని చూపించి డాలస్ నిర్ణయం సరైనదంటున్నవాళ్లున్నారు. గాయం అమ్మినరోజు ఎవరికీ తెలియదు, కాబట్టి నిర్ణయాన్ని తూచేటప్పుడు దాన్ని పళ్లెంలో వేయకూడదు.

వేయాల్సింది ఆలస్యం ధర. 2023 సెప్టెంబర్‌లో ఇంకో పాస్ రషర్ నిక్ బోసా ఏడాదికి 34 మిలియన్లకు సంతకం చేశాడు. 2025 మార్చికి మైల్స్ గారెట్ 40, జులైకి టీజే వాట్ 41, ఆగస్టుకి పార్సన్స్ 47. పార్సన్స్ మూడో సీజన్ ముగిసిన 2024 వేసవి నుంచే అతనితో కాంట్రాక్టు మాట్లాడే వీలు డాలస్‌కు ఉంది. అప్పుడే ముగించినా, లేదా 2025 మార్చిలో డ్రాఫ్ట్‌కు ముందే అమ్మినా లెక్క వేరుగా ఉండేది. ఇప్పుడు మిగిలింది పిక్‌లు. వాటిలో 2026 పిక్ విలువ పూర్తిగా బయటపడేది దానితో తీసుకునే కుర్రాడి నాలుగేళ్ల కాంట్రాక్టు ముగిసే 2029 సీజన్ తర్వాతే.